ఒకే లెడ్జరు, రెండు చేతులు

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శిగారు అడిగినప్పుడు, బదిలీల కబుర్లు, పదవీ విరమణ సభల జ్ఞాపకాలు రాసేవారు చాలామంది ఉన్నారు గనుక నేను మన కంప్యూటర్ గది గురించి రాస్తానన్నాను. ఆయన కాస్త సందేహించారు. "మనవాళ్లకు అర్థమవుతుందంటారా?" అన్నారు. అర్థం కానిదేముంది? ముప్పై ఏళ్లు లెడ్జర్లతో, చిట్టాలతో, రిజిస్టర్లతో కాపురం చేసినవాళ్లం. ఈ వ్యాసంలో విషయం కూడా లెడ్జరే. ఒకే లెడ్జరులో ఒకే వేళ ఇద్దరు గుమాస్తాలు రాయవలసి వస్తే ఏం చేయాలన్నదే ఇందులోని ప్రశ్న. కంప్యూటర్ వాళ్లు దానికి క్లస్టర్ ఫైల్ సిస్టమ్ అని పెద్ద పేరు పెట్టారు. అనగా అనేక కంప్యూటర్లు కలిసి ఒకే డిస్కుల మీద ఉన్న ఫైళ్లను సొంత ఫైళ్లలాగా వాడుకునే ఏర్పాటు.

మన రికార్డు రూములో ఒక పద్ధతి ఉండేది, మిత్రులకు గుర్తుండే ఉంటుంది. ఎవరైనా ఫైలు బయటకు తీసుకువెళితే దాని స్థానంలో ఒక చీటీ పెట్టాలి. చీటీ మీద సెక్షను పేరు, తేదీ, సంతకం. రెండోవాడు వచ్చి చూస్తే ఫైలు ఉండదు, చీటీ ఉంటుంది. వాడు ఆ సెక్షనుకు వెళ్లి అడుక్కోవాలి, లేదా ఆగాలి. చీటీ పెట్టకుండా ఫైలు పట్టుకెళ్లిన మహానుభావులు కూడా మనలో ఉన్నారు, వారి పేర్లు ఇప్పుడెందుకు! కానీ ఆ పద్ధతిలో ఒక గొప్ప సుగుణం ఉంది. కాగితపు ఫైలు ఒక్కటే ఉంటుంది. ఒకడి చేతిలో ఉన్నదంటే మరొకడి చేతిలో ఉండదు. తాళం వేయకపోయినా దానికది తాళమే.

రైల్వే రిజర్వేషను కూడా అలాగే నడిచేది. ఫలానా బండికి ఫలానా తేదీకి ఒక రిజిస్టరు, అది ఒక కౌంటరులో ఒక గుమాస్తా ముందు. ఆ బండి టిక్కెట్టు కావలసినవాళ్లందరూ ఆ కౌంటరు ముందే నిలబడాలి. పక్క కౌంటరులో మనిషి ఖాళీగా గోళ్లు గిల్లుకుంటున్నా ప్రయోజనం లేదు, రిజిస్టరు అతని దగ్గర లేదు కదా. వేసవి సెలవులకు ముందు తెల్లవారుజామున మూడింటికి వెళ్లి లైనులో తువాలు వేసి వచ్చిన అనుభవం మనలో సగం మందికైనా ఉంటుంది.

ఈ ముడిని విప్పిన కథలో మన తెలుగునేలకు వాటా ఉంది. 1975లో భారత ప్రభుత్వం కంప్యూటర్ల నిర్వహణ కోసం ఒక సంస్థను స్థాపించింది. తర్వాత అదే సీఎంసీ అయింది. 1978లో ఐబీఎం మన దేశం విడిచి వెళ్లినప్పుడు, వారి యంత్రాలను చూసుకునే భారం ఈ సంస్థ నెత్తిన పడింది. సీఎంసీ పరిశోధన విభాగం సికింద్రాబాదులో సరోజినీదేవి రోడ్డులో ఉండేది. రైల్వేకు ఇంప్రెస్ అనే రిజర్వేషను ప్రోగ్రామును తయారుచేసింది ఈ సీఎంసీయే. 1985లో ఢిల్లీలో అది మొదలైంది. దాంతో ఏ కౌంటరులో అయినా ఏ బండికైనా టిక్కెట్టు ఇవ్వగలిగారు. రిజిస్టరు గుమాస్తా ముందు నుంచి లేచి డిస్కులోకి వెళ్లింది.

అయితే డిస్కులోకి వెళ్లగానే పాత సుగుణం పోయింది. ఒకే బెర్తును ఇద్దరు గుమాస్తాలు ఒకే క్షణంలో తెర మీద చూడగలరు. ఇద్దరికీ "ఖాళీ" అనే కనబడుతుంది. ఇద్దరూ అమ్మేస్తే? అందుచేత కంప్యూటరులో మళ్లీ చీటీ పద్ధతి పెట్టవలసి వచ్చింది. కంప్యూటరు ఒకటే ఉన్నప్పుడు ఇది సులువు. చీటీలన్నీ దాని జ్ఞాపకంలోనే ఉంటాయి. కానీ పని పెరిగి ఒక యంత్రం చాలక రెండోది, మూడోది తెచ్చి అన్నిటినీ ఒకే డిస్కుల వరుసకు తగిలించినప్పుడు, మొదటి యంత్రం పెట్టిన చీటీ రెండో యంత్రానికి ఎలా తెలియాలి? అసలు కథ ఇక్కడ మొదలవుతుంది.

ఇంప్రెస్ నడిచిన యంత్రాలు వాక్స్ అనే రకానివి. అమెరికాలో మేనార్డ్ అనే ఊళ్లో ఒక పాత ఉన్ని మిల్లు భవనంలో 1957లో మొదలైన డిజిటల్ ఈక్విప్‌మెంట్ కార్పొరేషన్ వారు వీటిని చేశారు. మొదటి వాక్స్ 1977లో వచ్చింది. దాన్ని నడిపే మూల ప్రోగ్రాము పేరు వీఎంఎస్. 1983లో ఆ కంపెనీ వాక్స్ క్లస్టర్ అనే ఏర్పాటును ప్రకటించింది. అప్పట్లో పెద్ద పని కావాలంటే పెద్ద యంత్రం కొనాలి, లేదా చిన్న యంత్రాలు అనేకం కొని ఎవరి ఫైళ్లు వారి దగ్గర పెట్టుకోవాలి. వీరు మూడో దారి చూపించారు. మామూలు యంత్రాలను గరిష్ఠంగా పదహారు వరకు ఒక కూడలి పెట్టెకు తీగలతో కలిపారు. సెకనుకు 70 మెగాబిట్ల వేగం, అదీ రెండేసి తీగలు, ఒకటి తెగినా రెండోది ఉండేటట్లు. ఆ కూడలికే డిస్కుల అజమాయిషీ పెట్టెలు కూడా తగిలించారు. ఏ యంత్రమైనా ఏ డిస్కునైనా అందుకోగలదు. ఆ కాలపు డిస్కు ఒకటి ట్రంకు పెట్టె అంత ఉండేది, ఎత్తడానికి ఇద్దరు మనుషులు కావాలి, దాంట్లో పట్టేది 456 మెగాబైట్లు. ఇప్పుడు మనవడు ఫోనులో తీసే పెళ్లి వీడియో ఒక్కటి దాంట్లో పట్టదు.

తీగలు కలపడం పెద్ద విషయం కాదు. తాళాల ఏర్పాటే అసలు తెలివి. దానికి లాక్ మేనేజరు అని పేరు. ఒక్కొక్క వస్తువుకు, అంటే ఒక ఫైలుకు గానీ, ఫైలులోని ఒక పేజీకి గానీ, చీటీల పుస్తకం ఏదో ఒక యంత్రం దగ్గర ఉంటుంది. ఆ వస్తువుకు అదే యజమాని. కావలసినవాడు యజమానిని అడగాలి. ఏ వస్తువుకు ఏది యజమాని అన్నది తెలుసుకోవడానికి వేరే సూచిక ఉంది, అది కూడా ఒకచోటే పెట్టకుండా అన్ని యంత్రాలకు పంచేశారు. ఒక యంత్రం పడిపోతే మిగిలినవి ఒక్క క్షణం ఆగి, పోయినవాడి చీటీలు చించేసి, వాడి పుస్తకాలు తాము పంచుకుని మళ్లీ మొదలుపెడతాయి.

తాళాలు కూడా ఆరు రకాలు. మన రికార్డు రూములో ఒకటే చీటీ. ఇక్కడ అలా కాదు. "నేను చదువుతాను, మిగతావాళ్లు చదువుకున్నా రాసుకున్నా అభ్యంతరం లేదు" అనేది ఒక రకం. "నేను చదువుతాను, ఈలోగా ఎవరూ రాయకూడదు" అనేది ఇంకో రకం. "నేను రాస్తాను, ఎవరూ ఇటు చూడనే కూడదు" అనేది అన్నిటికన్నా గట్టిది. అన్నిటికన్నా తేలికది ఒకటుంది, దానితో చదవడం లేదు, రాయడం లేదు, "నాకు ఇందులో ఆసక్తి ఉంది, గుర్తుంచుకోండి" అని మాత్రమే. మొదట్లో ఇదెందుకో నాకు అర్థం కాలేదు. తర్వాత తెలిసింది, కుర్చీ మీద చేతిరుమాలు వేసినట్లు అది. పూర్తిగా వదిలేసి మళ్లీ మొదటినుంచి అడిగే కన్నా రుమాలు ఉంచి హోదా పెంచమనడం చవక.

ఈ తాళంతో పాటు ఒక చిన్న చీటీ ముక్క కూడా చేతులు మారుతుంది. దాని మీద ఒక సంఖ్య ఉంటుంది. ప్రతి యంత్రం ఇటీవల చదివిన పేజీల నకలు తన దగ్గర ఉంచుకుంటుంది, ప్రతిసారీ డిస్కు దాకా వెళ్లకుండా. మరి ఆ నకలు తాజాదో పాతదో ఎలా తెలుస్తుంది? తాళంతో వచ్చిన సంఖ్య తన నకలు మీది సంఖ్యతో కలిస్తే తాజాదే. కలవకపోతే మధ్యలో ఎవరో రాశారు, నకలు పారేసి మళ్లీ చదవాలి. ఇంత చిన్న ఉపాయం మీద ఎన్ని కోట్ల టిక్కెట్లు, ఎన్ని జీతాలు నడిచాయో!

ఇద్దరు ఒకరి చేతిలోని ఫైలు కోసం ఒకరు ఎదురుచూస్తూ కూర్చునే పరిస్థితి కూడా రావచ్చు. ఎస్టాబ్లిష్‌మెంటు వాళ్ల దగ్గర సర్వీసు రిజిస్టరు, అకౌంట్సు వాళ్ల దగ్గర పే బిల్లు, వారికి ఇది కావాలి, వీరికి అది కావాలి, ఎవరూ చేతిలోది వదలరు. మన ఆఫీసులో అయితే అది ఆర్థిక సంవత్సరం చివరిదాకా సాగేది. యంత్రం పది సెకన్లు చూసి, ఇద్దరిలో ఒకరి కోరికను తిరస్కరించి తగవు తీర్చేది.

ఇక మన సంగతి. మన కార్యాలయంలో 1990ల మధ్యలో రెండు ఆల్ఫా యంత్రాలు వచ్చాయి. వాక్స్ తర్వాతి తరానివి, అదే వీఎంఎస్, పేరు ముందు "ఓపెన్" అని చేర్చారు. రెండింటికీ మధ్య ఉమ్మడి డిస్కుల పెట్టె ఒకటి. అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి ఈథర్‌నెట్ తీగ. వాటి ఆలనా పాలనా నాకు అప్పగించారు. శిక్షణ మూడు వారాలు, పుస్తకాలు మాత్రం ఒక బీరువా నిండా.

పని మొదలుపెట్టిన ఆరు నెలల్లో ఫిర్యాదులు వచ్చాయి. రెండు యంత్రాలు పెట్టినా ఒకటి ఉన్నప్పటికన్నా నెమ్మదిగా ఉందని స్టోర్సు వారి గోల. నిజమే. నేను వారం రోజులు కొలతలు తీసి చూశాను. స్టోర్సు ప్రోగ్రాము తన ఫైలును పెంచుకునేటప్పుడు మూడేసి బ్లాకులు మాత్రమే అడిగేది. బ్లాకంటే 512 అక్షరాల చోటు. మన ఇంటికి నెలకు సరిపడా బియ్యం తెచ్చుకోకుండా పూటకో గిద్దెడు తెచ్చుకున్నట్లు! ఒక్క యంత్రమే ఉంటే గిద్దెడు బియ్యానికి పక్క కొట్టుకే వెళ్లాలి. ఉమ్మడి డిస్కులో అలా కాదు. డిస్కులో ఖాళీ చోటు ఎక్కడుందో చెప్పే పట్టిక రెండు యంత్రాలకూ ఒక్కటే, దానికి తాళం అడగాలి, అవతలి యంత్రం రాసుకుంటూ ఉంటే ఆగాలి. పైగా చోటు ఇచ్చినప్పుడల్లా పాత రాత ఎవరూ చూడకుండా దాన్ని ముందు తుడిచి ఇచ్చే నియమం ఒకటి. రహస్య పత్రాల ఆఫీసుకు అది మంచిదే, మన బోల్టుల లెక్కకు అక్కర్లేదు. ఆ నియమం తీయించాను, ఫైలు ఒక్కసారే పెద్ద ముక్క అడిగేటట్లు మార్చాను. ఫైలు వందల ముక్కలై డిస్కంతా చెల్లాచెదరుగా ఉంటే దాన్ని ఒక ఆదివారం వరుసగా తిరగరాయించాను. సోమవారం స్టోర్సు సూపరింటెండెంటుగారు ఫోను చేసి, "కొత్త యంత్రం వచ్చిందా?" అని అడిగారు. ఉద్యోగంలో నాకు అందిన ప్రశంసల్లో అది ఒకటి, కాన్ఫిడెన్షియల్ రిపోర్టులో మాత్రం ఎక్కలేదు.

రెండో మందు ఇంకా సులువైనది. పెన్షను పని అంతా ఒక యంత్రం మీద, స్టోర్సు పని అంతా రెండోదాని మీద పెట్టాను. అదేమిటి, ఏ యంత్రమైనా ఏ ఫైలైనా రాయగలగడానికే గదా ఇంత ఏర్పాటు అని మీరడగవచ్చు. నిజమే, రాయగలదు. కానీ ఒక ఫైలును ఎక్కువగా వాడే యంత్రమే దాని చీటీల పుస్తకానికి యజమాని అయితే తాళం ఇంట్లోనే దొరుకుతుంది. లేకపోతే ప్రతి తాళానికీ తీగ మీద ఒక ఉత్తరం, ఒక జవాబు. ఉమ్మడి కుటుంబంలో వంటిల్లు ఒకటే అయినా ఎవరి పొయ్యి వాళ్లకుంటే కోడళ్ల మధ్య మాటలు తగ్గినట్లు.

ఇప్పుడు ఓట్ల సంగతి చెప్పాలి. ఆ తర్వాత చెప్పబోయేది అర్థం కావాలంటే ఇది తప్పదు.

రెండు యంత్రాల మధ్య తీగ తెగిందనుకోండి. రెండూ బతికే ఉన్నాయి, కానీ ఒకదాని మాట ఒకదానికి వినబడదు. మొదటిది, రెండోది చచ్చిపోయిందనుకుంటుంది. రెండోది, మొదటిది చచ్చిపోయిందనుకుంటుంది. రెండూ అవతలివాడి చీటీలు చించేసి అదే డిస్కు మీద రాయడం మొదలుపెడతాయి. అంతకన్నా ప్రళయం లేదు. అందుకని వీఎంఎస్ వారు కోరం పెట్టారు. మన సర్వసభ్య సమావేశానికి ఉన్నట్లే. యంత్రానికి ఒక ఓటు. రెండే యంత్రాలుంటే తగవు తీరదు గనుక ఒక డిస్కుకు కూడా ఒక ఓటు ఇచ్చారు. మొత్తం మూడు ఓట్లు. మూడుకు రెండు కలిపి సగం చేసి, మిగిలిన అర వదిలేస్తే రెండు వస్తుంది. అదే కోరం. తీగ తెగితే డిస్కు ఓటు ఎవరికి దక్కితే వారికి రెండు ఓట్లు, వారు పని చేస్తారు. రెండోవాడు ఒక్క ఓటుతో బిగుసుకుపోయి కూర్చుంటాడు. చావడు, బతకడు, రాయడు. చూసేవాడికి మాత్రం యంత్రం చెడిపోయినట్లు కనిపిస్తుంది.

1998లో ఒక నెలాఖరు. ఐదవ వేతన సంఘం సవరణల మూలంగా పెన్షన్లన్నీ తిరగరాస్తున్న కాలం. పొద్దున్నుంచి పెన్షను సెక్షనువారు కొత్త మంజూరులు ఎక్కిస్తున్నారు. మధ్యాహ్నం పక్క గదిలో నేల కడిగినవాళ్లు బల్ల జరిపారు, తీగ ఊడింది. ఇది తర్వాత తెలిసింది. అప్పటికి నాకు తెలిసిందల్లా నా ఎదురుగా ఉన్న యంత్రం, పెన్షను యంత్రం, బిగుసుకుపోయిందని. హాల్లో టెర్మినళ్లన్నీ ఆగిపోయాయి. సాయంత్రానికి బిల్లులు బ్యాంకుకు చేరాలి. పై అధికారి వచ్చి నా కుర్చీ వెనుక నిలబడ్డారు. ఆయన ఏమీ అనలేదు, నిలబడ్డారంతే.

యంత్రాన్ని ఆపి మళ్లీ మొదలుపెట్టాను. క్లస్టరులో చేరడానికి ఎదురుచూస్తున్నానని తెర మీద రాసి అక్కడే ఆగింది. అవతలి యంత్రం పడిపోయింది కాబోలు, దానికోసం ఇది వృథాగా ఎదురుచూస్తోందని నిశ్చయించుకున్నాను. పక్క గదికి ఫోను చేస్తే ఎంగేజి. నడిచి వెళితే నలభై అడుగులు. వెళ్లలేదు. మొదలుపెట్టేటప్పుడే కొన్ని అంకెలు మార్చే వీలుంది. రావలసిన ఓట్లు ఒకటి అని కొట్టాను, ఓటున్న డిస్కు పేరు తీసేశాను. యంత్రం వెంటనే లేచింది. టెర్మినళ్లు వెలిగాయి. అధికారి నా భుజం తట్టి వెళ్లారు.

పక్క గదిలో రెండో యంత్రం నిక్షేపంగా ఉంది. రెండు ఓట్లతో చట్టప్రకారం పని చేసుకుంటోంది. స్టోర్సువారు అందులో రాస్తూనే ఉన్నారు.

అరగంట తర్వాత పెన్షను చిట్టా అచ్చు తీస్తే పేర్ల మధ్యలో బోల్టులు, టార్పాలిన్లు, రంగు డబ్బాలు వచ్చాయి. రెండు యంత్రాలూ ఒకే ఖాళీ పట్టిక చూసి, ఒకే చోటును ఒకటి పెన్షనుకూ ఒకటి స్టోర్సుకూ కేటాయించాయి. ముందు వచ్చినవాడి రాత మీద వెనక వచ్చినవాడు రాశాడు. ఆ కాగితం చేతిలో పట్టుకున్నప్పుడు నాకు ఏం జరిగిందో ఒక్కసారిగా తెలిసింది. అప్పుడు నడిచాను ఆ నలభై అడుగులు.

రెండూ ఆపేశాం. ముందురోజు రాత్రి టేపు నుంచి డిస్కంతా తిరిగి ఎక్కించాం. ఆనాటి పని యావత్తూ వోచర్లు చూసి మళ్లీ కొట్టాం. మూడు రోజులు, రాత్రింబవళ్లు. పెన్షను సెక్షను వారు ఒక్కమాట అనకుండా నాతో కూర్చున్నారు, వారికి నా నమస్కారాలు ఇప్పుడైనా చెప్పుకోవాలి. అన్నీ సరిపోయాయి అనుకున్నాం.

సరిపోలేదు. మూడు నెలల తర్వాత పూడిమడక నుంచి ఒక కార్డు వచ్చింది. ఆ ఊరి బడిపంతులు ఎవరో రాసిపెట్టినట్లున్నారు, అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి. మన దగ్గర నాలుగో తరగతి ఉద్యోగిగా చేసి రిటైరైన ఒకాయన చనిపోయారు, భార్యకు కుటుంబ పెన్షను రావడం లేదు. వెతికాను. ఆయన పెన్షను నిలిపివేసిన నమోదు టేపులో ఉంది, ఎందుకంటే అది నాలుగు రోజుల ముందరిది. భార్య పేరు మీద మంజూరు ఎక్కించింది మాత్రం ఆ పొద్దునే. ఎక్కించగానే ఆ వోచరును పని పూర్తయిన కట్టలో కట్టేశారు, మేము తిరిగి కొట్టిన కట్ట అది కాదు. యంత్రం లెక్కలో ఆ ఇంటికి ఆయనా లేరు, ఆమే లేదు.

బకాయి బిల్లు చేయించి, ఆ కాగితం పట్టుకుని నేనే వెళ్లాను. అనకాపల్లిలో బస్సు మారి అచ్యుతాపురం మీదుగా పూడిమడక. ఊరి చివర ఇసుకలో పడవలు, వలలు ఆరేసి ఉన్నాయి. ఆ అమ్మ ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చింది. నేను సంతకాలు పెట్టించుకుని వచ్చేయవచ్చు. కానీ జరిగింది చెప్పాలనిపించింది. తీగ, ఓట్లు అవన్నీ కాదు, రెండు యంత్రాలు ఒకే పుస్తకంలో ఒకే చోట రాశాయి, మీ పేరు చెరిగిపోయింది, అందులో తప్పు నాది అని చెప్పాను.

ఆమె కాసేపు ఆలోచించి, "ఇద్దరూ ఒక్క పేజీలోనే రాసేసినారా బాబూ? ఒకలికొకలు సెప్పుకోలేదేటి?" అంది.

చెప్పుకోలేదమ్మా, అన్నాను. ఈ మూడు నెలలూ ఎలా గడిచిందని అడిగితే, చెవుల దిద్దులు ఊళ్లోనే తాకట్టు పెట్టానని చెప్పింది. కోపంగా చెప్పలేదు.

ఆ తర్వాత ఈ విద్య ఎక్కడికి వెళ్లిందో క్లుప్తంగా చెబుతాను. నేను చేసిన తప్పు లోకంలో నా ఒక్కడిదే కాదు, తర్వాత వచ్చినవారు దానికి మొరటు మందు కనిపెట్టారు. 1990ల మధ్యలో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో గ్లోబల్ ఫైల్ సిస్టమ్ అనే ఉమ్మడి ఏర్పాటు పుట్టింది. దాన్ని లినక్స్‌కు మార్చారు, 2003 చివరలో రెడ్ హ్యాట్ కంపెనీ కొనుక్కుంది. ఆ తరం క్లస్టర్లలో ఒక యంత్రం పలకకపోతే, అది చచ్చిందా బతికిందా అని వాదించరు. మిగతావి దాని కరెంటు తీసేస్తాయి, లేదా డిస్కు దారి మూసేస్తాయి. కంచె వేయడం అంటారు. ఆ తర్వాతే దాని చీటీలు చించుతారు. ప్రతి యంత్రానికీ తన దినచర్య పుస్తకం వేరుగా ఉంటుంది, అది పోతే ఇంకొకటి ఆ పుస్తకం చూసి సగంలో ఆగిన రాతలు సరిచేస్తుంది. నడిపేవారికి కొత్త తలనొప్పులు కూడా వచ్చాయి. లినక్స్‌లో ఫైలు చదివినప్పుడల్లా "ఫలానా వేళ చదివారు" అని రాసిపెట్టే అలవాటు ఒకటి ఉండేది. చదవడానికి వచ్చినవాడు కూడా రాసేవాడి తాళం అడగవలసి వచ్చేది! క్లస్టరులో ముందుగా తీసేయవలసిన అలవాటు అదే. అన్ని యంత్రాలూ ఒకే డైరెక్టరీలో ఫైళ్లు సృష్టించకూడదని కూడా చెబుతారు. ఎవరి పొయ్యి వాళ్లకు అన్నమాట, మళ్లీ అదే.

ఐబీఎంవారు 1998లో జీపీఎఫ్ఎస్ తెచ్చారు. దాంట్లో ఒకే పెద్ద ఫైలులో ఈ భాగం నీది, ఆ భాగం నాది అని ముక్కలుగా తాళం తీసుకోవచ్చు. 1999లో మొదలైన లస్టర్ అనేది ఇప్పుడు ప్రపంచంలోని పెద్ద సూపర్ కంప్యూటర్లలో చాలావాటికి బీరువా. వాతావరణం, సముద్రం లెక్కలు కట్టేవారికి ఇవి లేకపోతే పని జరగదు, వందలాది యంత్రాలు ఒకే ఫైళ్లలోంచి చదివి, ఒకే ఫైళ్లలోకి రాస్తాయి గనుక. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ మీదకు వచ్చినప్పుడు మనకు రోజుల ముందే తీరం పేరు చెప్పగలిగారంటే వెనక అటువంటి లెక్కలున్నాయి.

రైల్వేవారి సంగతి చెప్పడం మరిచాను. ఇంప్రెస్ తర్వాత, 1986లో ఏర్పడిన క్రిస్ అనే రైల్వే సంస్థ కాన్సర్ట్ అనే కొత్త ప్రోగ్రామును రాసింది. దాన్ని 1994లో మొదటగా పెట్టింది మన సికింద్రాబాదులోనే. ఢిల్లీ, ముంబై, కలకత్తా, చెన్నై, సికింద్రాబాదు, ఈ ఐదు కేంద్రాలను 1999 ఏప్రిల్ నాటికి కలిపేశారు. అప్పటినుంచి ఎక్కడినుంచి ఎక్కడికైనా టిక్కెట్టు. అదీ ఓపెన్ వీఎంఎస్ మీదనే. ఆ యంత్రాలు చేసిన డిజిటల్ కంపెనీని 1998లో కాంపాక్ కొన్నది, కాంపాక్‌ను 2002లో హెచ్‌పీ కలుపుకుంది, కంపెనీ పేరు పోయింది. ప్రోగ్రాము మాత్రం పోలేదు. 2014 నుంచి వేరొక చిన్న కంపెనీ దాన్ని చూసుకుంటోంది, 2022లో మామూలు ఇంటెల్ రకం యంత్రాల మీద కూడా నడిచేటట్లు చేశారు. సీఎంసీ కూడా 2015లో టీసీఎస్‌లో కలిసిపోయింది.

పూడిమడక ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉంది, 2022 నుంచి. 2025 జనవరి 8న అక్కడి హరిత హైడ్రోజన్ కేంద్రానికి ప్రధానమంత్రి విశాఖ నుంచి శంకుస్థాపన చేసినప్పుడు టీవీలో ఆ ఊరి పేరు విని నేను లేచి కూర్చున్నాను. ఒక లక్షా ఎనభై ఐదు వేల కోట్ల పథకం అన్నారు. నా కళ్లకు మాత్రం ఆ అరుగు, ఆ దిద్దులు లేని చెవులు కనిపించాయి. బకాయి వచ్చాక దిద్దులు విడిపించుకున్నానని ఆమె తర్వాత కార్డు రాయించింది. అక్షరాలు అవే, గుండ్రంగా.

మన కంప్యూటర్ గదిలో ప్రతిరోజూ జరిగింది రాసే లాగ్ పుస్తకం ఉండేది, నల్ల అట్ట, ఎర్ర అంచు. 1998వ సంవత్సరపు పుస్తకంలో ఆ నెలాఖరు పేజీ నేనే రాశాను, దాచకుండా రాశాను. యంత్రాలు మార్చినప్పుడు ఆ పుస్తకాలు ఎటు వెళ్లాయో తెలియలేదు. మిత్రులెవరి దగ్గరైనా ఉంటే దయచేసి సంఘం కార్యాలయంలో ఇవ్వగలరు. ఆ పేజీ నకలు ఒకటి నాకు కావాలి.